సుబ్బి ఎందుకు మాటాడదు మాస్టారూ?

వర్క్‌షాప్ రెండో రోజు పొద్దున్న, ఇంకా అందరూ వచ్చి చాపల మీద సర్దుకోకముందే, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి నన్ను ఈ ప్రశ్న అడిగింది. ముందు రోజు పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి రాత్రి కూర్చుని చదివిందట, సగం అర్థం కాలేదట, అర్థమైన సగంలో ఇదొక్కటే బుర్రలో ఉండిపోయిందట. గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కంలో, తండ్రి డబ్బు పుచ్చుకుని ముసలి లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్ళి చేయబోయిన, అంటే అమ్మకానికి పెట్టిన పిల్ల సుబ్బి. ఆ పిల్ల పెళ్ళి చుట్టూనే నాటకం మొత్తం తిరుగుతుంది. తండ్రి అగ్నిహోత్రావధాన్లు అరుస్తాడు, తల్లి వెంకమ్మ ఏడుస్తుంది, మేనమామ కరటకశాస్త్రి ఎత్తు వేస్తాడు, ఎదురుపడ్డ ప్రతివాడూ ఆ సంబంధం గురించి ఏదో ఒకటి అంటాడు. ఆ పిల్ల నోటి నుంచి మాత్రం దాదాపు ఏమీ రాదు.

నాకు ఈ నాటకం కాలేజీ రోజుల నుంచీ తెలుసు. వెంకటేశం వేశాను, వయసు పెరిగాక రామప్పపంతులు వేశాను, పరిషత్తుల్లో దాని ముక్కలు ఎన్నిసార్లు ఆడామో లెక్క లేదు. అందులో వేశ్య మధురవాణి గురించి, మాటకారి గిరీశం మంచివాడా చెడ్డవాడా అని, టీ కొట్టు దగ్గర రాత్రి పదకొండు దాకా వాదించుకున్న రోజులున్నాయి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నాకు సుబ్బి గుర్తు రాలేదు. పదహారేళ్ళ పిల్లకి ఒక్క రాత్రిలో గుర్తొచ్చింది.

పాత నాటకాన్ని ఈ కాలానికి ఎలా మార్చాలి అని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు చెప్పగలిగే జవాబు ఆ అమ్మాయి ప్రశ్నలోనే ఉంది. అందుకే ఈ వేసవిలో విజయనగరంలో మేం చేసిన పని గురించి, దాని మీద వచ్చిన మాటల గురించి, కాస్త వివరంగా రాద్దామని కూర్చున్నాను.

ముందు పని ఏమిటో చెప్తాను. ఒక స్కూలు గదిలో, సెలవుల్లో, పన్నెండు రోజులు. ఎండ ముదరకముందే అయిపోవాలి కాబట్టి పొద్దున్న ఏడింటికి మొదలు, పదకొండుకి ఆపు. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇరవై రెండు మంది పిల్లలు, ఊళ్ళో వాళ్ళు కొందరు, నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు కొందరు. నేర్పడానికి నేనూ, నాకన్నా పెద్దవాళ్ళైన ఇద్దరు నటులూ. చివర్న ఒక గంట ప్రదర్శన. ఏడంకాల నాటకం ఒక పూటలో ఆడేది కాదు, దాన్ని ఒక గంటలోకి తేవాలంటే కోత తప్పదు. ఎక్కడ కొయ్యాలి, కోసిన చోట ఏం పెట్టాలి అన్నదగ్గరే గొడవంతా.

ఈ వర్క్‌షాప్ సంగతి తెలియగానే నాకు వచ్చిన మొదటి సలహా: గిరీశం చేతిలో సెల్‌ఫోన్ పెట్టండి, వెంకటేశం రీల్స్ చేస్తుంటాడు, మధురవాణికి లక్షల మంది ఫాలోయర్లు, పిల్లలు ఎగబడి చూస్తారు. సలహా ఇచ్చిన ఆయన మంచి మనసుతోనే ఇచ్చారు, హాలు కూడా తనే ఇప్పిస్తానన్నారు, మధ్యలో గిరీశానికి ఒక సినిమా పాట మీద స్టెప్పులు వేయిస్తే చాలన్నారు. కాదన్నాను. హాలు పోయింది. బాధ పడ్డాను గానీ ఇప్పటికీ కాదనే అంటాను, ఎందుకంటే ఫోన్ పెట్టడం వల్ల నాటకంలో ఏదీ మారదు. గిరీశం అప్పుడు చుట్ట కాలుస్తూ ఇంగ్లీషు ముక్కలు విసిరి బోల్తా కొట్టించేవాడు, ఇప్పుడు ఫోన్ పట్టుకుని బోల్తా కొట్టిస్తాడు. చూసేవాడు ఫోన్ చూసి నవ్వుతాడు, ఇదేదో ఎవరి గురించో అనుకుని ఇంటికి పోతాడు. పిల్లలు ఫోన్ పట్టుకుంటే తప్ప నాటకాన్ని తమది అనుకోలేరని అనుకోవడం పిల్లల్ని తక్కువ చేయడం కాదా?

రెండో సలహా దీనికి సరిగ్గా ఎదురుది. ముట్టుకోవద్దు. మహాకవి రాసినదాంట్లో ఒక్క అక్షరం మార్చే అర్హత ఎవడికుంది, చేతనైతే ఉన్నది ఉన్నట్టు ఆడండి, చేతకాకపోతే మానెయ్యండి అని. ఈ మాట అన్నవాళ్ళు నాకు గురువులాంటి వాళ్ళు, వాళ్ళ దగ్గరే నేను నిలబడటం, నడవటం, మాట చివరి అక్షరం మింగకుండా పలకటం నేర్చుకున్నాను. ఐనా ఈ మాట ఒప్పుకోలేను. ఎందుకో గురజాడ చేసిన పనే చెప్తుంది.

కన్యాశుల్కం మొదటిసారి ఈ ఊళ్ళోనే 1892లో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు ఆడారు. పుస్తకంగా వచ్చింది 1897లో. జనం మెచ్చుకున్నారు, పేరొచ్చింది. మామూలు రచయిత అయితే అక్కడితో ఆగేవాడు. ఆయన మళ్ళీ కూర్చుని దాన్ని తిరగరాసి 1909లో ఇంకో నాటకం అనదగినంతగా పెంచి అచ్చు వేయించారు. ఇప్పుడు మనం కన్యాశుల్కం అని పిలుచుకునేది ఆ రెండోదే. మొదటి కూర్పులో చిన్న పాత్రగా ఉన్న మధురవాణి రెండోదానికి వచ్చేసరికి నాటకానికి వెన్నెముక అయింది. అంటే పన్నెండేళ్ళ తర్వాత ఆయన తన నాటకంలోకి తిరిగి వెళ్ళి, ఇక్కడ ఒక మనిషి ఉంది, ఆమెకి నేను చోటు సరిగ్గా ఇవ్వలేదు అనుకున్నారన్నమాట, కనీసం నాకలా అనిపిస్తుంది. తన రాతనే ముట్టుకున్న మనిషి పేరు చెప్పి ముట్టుకోవద్దనడం ఎలా కుదురుతుంది? ముట్టుకోవచ్చు. ఎటువైపు ముట్టుకోవాలో కూడా ఆయనే చూపించారు. ఎవరికి చోటు దక్కలేదో అటు.

మార్చడం అనే పేరుతో నాటకాన్ని పాడు చేయడం కూడా మనకు తెలియని సంగతి కాదు. చింతామణి చూడండి. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావ్యసనం మీద రాసిన నాటకం అది. ఆడే వాళ్ళు ఆడుతూ ఆడుతూ, ఈలలు పడే చోట ఇంకో మాట కలుపుతూ, సుబ్బిశెట్టి పాత్రని పెంచి పెంచి, చివరికి చాలామందికి ఆ నాటకం అంటే బూతు జోకులే గుర్తొచ్చే స్థితికి తెచ్చారు. మా సామాజిక వర్గాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పడం, 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ప్రదర్శనలే నిషేధించడం జరిగాయి. నాటకాన్ని నిషేధించడం నాకు ఇష్టం లేదు, ఏ నాటకాన్నైనా. కానీ అక్కడిదాకా రావడానికి చప్పట్ల కోసం కలిపిన మాటలు కూడా కారణమని మా నాటకాల వాళ్ళం ఒప్పుకోవాలి. ప్రేక్షకుల కోసం మార్చాం అని చెప్పుకునే ప్రతి మార్పూ ప్రేక్షకుల్ని గౌరవించే మార్పు కాదు.

ఇక మళ్ళీ గదిలోకి వస్తాను.

మొదటి రోజు పిల్లల్ని గదిలో కూర్చోబెట్టలేదు. కోట దగ్గరి బొంకులదిబ్బకి నడిపించుకు వెళ్ళాం. నాటకం తెర లేచేది అక్కడే, గిరీశం సాయంకాలం వేళ తనలో తను మాట్లాడుకుంటూ కనిపించేది అక్కడే. రోజూ ఆ పక్కనుంచే కాలేజీకి వెళ్ళే పిల్లలకి కూడా ఈ సంగతి తెలియదు. ఒకడు "ఇక్కడేనా మాస్టారూ, మా మావ కూరలు కొంటాడు ఇక్కడ" అని నోరు తెరిచాడు. అక్కడి నుంచి గురజాడ ఇంటికి తీసుకెళ్ళాం. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. నాటకం మీ ఊరిది అని వందసార్లు చెప్పేకన్నా ఆ దిబ్బ మీద ఒకసారి నిలబెట్టి మొదటి పేజీ చదివించడం మేలు అని నా నమ్మకం. చదివిన కుర్రాడి గొంతు వణికింది. వచ్చేపోయే బళ్ళ హారన్లలో సగం వినబడలేదు. ఐనా అందరూ దగ్గరికి జరిగి విన్నారు.

మూడో రోజు అసలు సమస్య బయటపడింది. భాష.

పిల్లలు మైదానంలో ఒకలా మాట్లాడుకుంటారు, "నటించు" అనగానే ఇంకొకలా మాట్లాడతారు. గొంతు మారిపోతుంది, టీవీ సీరియల్ తెలుగు వచ్చేస్తుంది, ప్రతి వాక్యం చివర ఒక సాగతీత. చీపురుపల్లి వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు ఉన్నాడు, విరామంలో వాడు కబుర్లు చెప్తుంటే చుట్టూ పదిమంది చేరతారు, అంత రుచిగా మాట్లాడతాడు. అదే కుర్రాడు ముందుకొచ్చి నిలబడితే కర్ర. నాలుగు సార్లు చూశాక పక్కకి పిలిచి అడిగాను. వాడు తల దించుకుని, "మా అమ్మమ్మ మాటాడినట్టు మాటాడతాను మాస్టారూ ఇంటికాడ. ఇక్కడ అలాగ మాటాడితే నవ్వుతారు" అన్నాడు.

వాడిది భయం కాదు, అనుభవం. మన సినిమాల్లో శ్రీకాకుళం, విజయనగరం మాట వినిపిస్తే అది పనివాడిదో, అమాయకుడిదో, నవ్వించడానికి పెట్టిన వాడిదో అయి ఉంటుంది. హీరో ఎప్పుడోగానీ "ఏటి" అనడు. హైదరాబాద్‌లో ఉద్యోగాలకి వెళ్ళిన మా పిల్లలు రెండు నెలల్లో "ఎల్లిపోనాను" మానేసి "వెళ్ళిపోయాను" నేర్చుకుంటారు, నేర్చుకున్నందుకు తప్పు పట్టను, మొదటిది పలికినందుకు సిగ్గు పడేలా చేసిన వాళ్ళనే తప్పు పడతాను. దీన్ని యాస అంటే కూడా నాకు నచ్చదు. అది మా భాష.

1897 నాటి పీఠికలో గురజాడ ఈ నాటకం ఎందుకు రాశారో రెండు కారణాలు చెప్పారు. ఒకటి సంఘసంస్కరణ. రెండోది, తెలుగు భాష నాటకానికి పనికిరాదు అని జనంలో పాతుకుపోయిన అపోహని ఎదిరించడం. నూట పాతికేళ్ళు దాటాయి. తెలుగు నాటకానికి పనికొస్తుందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు, మా తెలుగే పనికిరాదంటారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది కూడా ఈ ఉత్తరాంధ్రలోనే, శ్రీకాకుళం వైపు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న భాషా దినోత్సవం చేసి, స్టేజీ మీద పిల్లల చేత ఎవరూ మాట్లాడని తెలుగులో ప్రసంగాలు చదివిస్తారు. ఇది నన్ను ఎంత బాధపెడుతుందో చెప్పలేను.

ఆ కుర్రాడికి నేను అసిరిగాడి వేషం ఇద్దామనుకున్నాను. లుబ్ధావధాన్లు ఇంట్లో పాలేరు, నాటకంలో మా పల్లెల మాట మాట్లాడే మనిషి. వాడు సంతోషించాడు, రిహార్సల్‌లో తన సొంత మాటలతో "బాబుగోరు ఎలిపోనారు, నానేటి సేస్తాను" అని ఒక్కసారిగా ఊపిరి పోసుకున్నాడు, గది మొత్తం నవ్వింది, ఈసారి వాడి మీద కాదు, వాడితో కలిసి. బాగుంది కదా అనుకుంటుండగా అదే పిల్ల, సుబ్బి గురించి అడిగిన పిల్ల, లేచి "మాస్టారూ, మన భాష పనోడికేనా?" అంది.

ఆ రోజంతా దీని మీదే నడిచింది. నాటకంలో ఎవరు ఏ కులం, ఎవరు ఏ భాష, ఎందుకలా ఉంది అని మాట్లాడుకున్నాం. గురజాడ తన చుట్టూ విన్నది విన్నట్టు రాశారు, అగ్రహారంలో బ్రాహ్మలు మాట్లాడే తీరు వాళ్ళకి, పాలేరు మాట్లాడే తీరు పాలేరుకి. ఆ కాలానికి అదే సాహసం. ఆ సాహసాన్ని ఈ కాలంలో కొనసాగించాలంటే ఏం చేయాలి? అసిరిగాడి ఒక్కడి నోట్లోనే మా భాష ఉంచితే సినిమా చేసే పనే మేమూ చేసినట్టు. అలాగని రామప్పపంతులు మాటలు మార్చడానికి నా మనసు ఒప్పలేదు, ఆ మాటల్లో ఉన్న లయ పోతే నాటకమే పోతుంది. చివరికి దారి పిల్లలే చూపించారు. కథ చెప్పేవాళ్ళని పెడదాం అన్నారు.

ఒకబ్బాయి తాతగారు జముకుల కథ చెప్పేవారట. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటి వాళ్ళ కోసం చెప్తున్నాను: తీగను మీటుతూ మోగించే జముకు, కథ నడిపే ఒక ముఖ్య కథకుడు, పక్కన పాట అందుకునే వంతలు. వంతలు ఊరికే తాళం వేయరు, మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తారు, కథకుడు జవాబు చెప్తాడు. మేం కోసేసిన ఘట్టాలన్నీ ఈ వరసలో చెప్పించాం, పూర్తిగా మా మాటలో. చీపురుపల్లి కుర్రాడు కథకుడయ్యాడు. ఇప్పుడు నాటకం మొత్తాన్ని చేతిలో పెట్టుకుని నడిపేది మా భాష, అవధాన్లూ పంతులూ ఆ భాష చెప్పే కథలో వచ్చిపోయే మనుషులు. ఏడంకాలు గంటలోకి ఎలా వస్తాయా అని నేను పడ్డ టెన్షన్ కూడా దీంతోనే తీరింది. వంత అడిగే ఒక్క ప్రశ్నతో రెండు రంగాలు దాటేయొచ్చు.

సుబ్బి సంగతి మిగిలింది.

ఆ అమ్మాయి సుబ్బికి మాటలు రాసుకొచ్చింది, రెండు పేజీలు. నాన్నా నన్నెందుకు అమ్ముతున్నావు, నేను ఆడపిల్లగా పుట్టడమే తప్పా, ఇలాంటివి. బాగానే రాసింది, చదువుతుంటే ఇద్దరు పిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం నచ్చలేదు, నచ్చలేదని చెప్పలేక సగం రోజు తిరిగాను. ఎందుకంటే అవి సుబ్బి మాటలు కావు, పాఠ్యపుస్తకం మాటలు. పదేళ్ళ పిల్ల అలా మాట్లాడదు. ఇలాంటి వర్క్‌షాపుల్లో ఇది తరచూ జరుగుతుంది, పిల్లలకి స్వేచ్ఛ ఇచ్చాం కదా అని వాళ్ళు మొదట రాసుకొచ్చిన దాన్నే అద్భుతం అని స్టేజీ ఎక్కించేస్తాం. అది మెచ్చుకోలు కాదు, పట్టించుకోకపోవడం. పిల్లల రాతని పెద్దవాళ్ళ రాతతో సమానంగా చూస్తే ఇది చాలదు, ఇంకా వెతుకు అని చెప్పగలగాలి.

చెప్పడానికి నాకు గురజాడే సాయం వచ్చారు. ఆ పీఠికలోనే ఒక లెక్క ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితాని మహారాజా ఆనందగజపతి తయారు చేయించారు. మొత్తం 1,034. ఏడాదికి సగటున 344. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్లకి 350 నుంచి 400 రూపాయలు పలికిందట.

దీన్ని చదివి వినిపించాను. ఎవరికీ ఏమీ అనిపించలేదు. అంకెలు కదా. అప్పుడు మాలో పెద్ద నటుడు ఒకాయన ఇంటి నుంచి చింతపిక్కల సంచి తెచ్చి మధ్యలో పోశారు. లెక్కపెట్టండి అన్నారు. పిల్లలు వరసగా కూర్చుని 99 ఒక కుప్ప, 44 ఒక కుప్ప, 36, ఆరు, మూడు. అన్నీ కలిపి 188. ఆఖరి మూడు పిక్కలూ పెట్టేటప్పటికి గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, "మా సెల్లికి నాలుగేళ్ళు మాస్టారూ" అంది, ఇంకేమీ అనలేదు.

మర్నాడు ఆ అమ్మాయి రాసుకొచ్చిన రెండు పేజీలూ తనే పక్కన పెట్టేసింది. "సుబ్బికి మాటలొద్దు. కూచుని చింతపిక్కలాడుకుంటాది. అంతే. మొత్తం నాటకం అయ్యేదాకా" అంది.

అలాగే చేశాం. స్టేజీ ఎడమ పక్క ముందు చివర, తొమ్మిదో తరగతి పిల్ల, పరికిణీ కట్టుకుని, ముందు 188 పిక్కలు పోసుకుని కూర్చుంటుంది. పిక్కలు ఎగరేస్తుంది, పట్టుకుంటుంది, జారిపోతే వెతుక్కుంటుంది. వెనక అగ్నిహోత్రావధాన్లు రంకెలు వేస్తాడు, రామప్పపంతులు బేరాలాడతాడు. ఎవరూ ఆ పిల్లవైపు చూడరు, ఆ పిల్ల కూడా తల ఎత్తదు. సుబ్బి కోసం గురజాడ రాసిన మాటల్లో ఒక్కటి కూడా మార్చలేదు. ఒక్క మాట కలపలేదు. ఆయన వదిలిన చోట ఒక మనిషిని కూర్చోబెట్టాం, అంతే చేశాం.

చేశాక నాకు ఇంకోటి తట్టింది. పెళ్ళికూతురిగా ఈ నాటకంలో మనకి నిండుగా కనిపించేది ఆడపిల్ల కాదు, ఆడవేషం వేసిన కుర్రాడు. నాటకాలాడే మనిషి కరటకశాస్త్రి, తన శిష్యుడికి చీర కట్టి లుబ్ధావధాన్లుకి అమ్ముతాడు, అలా సుబ్బి పెళ్ళి తప్పిస్తాడు. ఒక ఆడపిల్లని కాపాడింది ఒక వేషం, ఒక చిన్న నాటకం. మా రిహార్సల్‌లో శిష్యుడు వయ్యారాలు పోతుంటే ముందు అందరూ నవ్వుతారు, అంతలో మూల కూర్చున్న పిల్ల మీద కళ్ళు పడతాయి. ఇన్నేళ్ళూ నేను ఆ ఘట్టాన్ని హాస్యం అనే అనుకున్నాను.

ఆచారం పోయింది కదా, ఇంకా ఈ నాటకం ఎందుకు అని కొందరు అడుగుతారు. కన్యాశుల్కం పోయి కట్నం వచ్చింది, డబ్బు చేతులు మారే దిశ తిరగబడింది గానీ పిల్లని అడక్కుండా పెళ్ళి కుదర్చడం పోయిందా? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. శారదా చట్టం 1929 నాటిది, ఇప్పుడున్న బాల్యవివాహ నిషేధ చట్టం 2006 నాటిది. చట్టాలకి కొదవ లేదు.

లెక్కలదాకా ఎందుకు. ఆరో రోజున వెంకమ్మ వేషం వేసే అమ్మాయి రాలేదు, ఏడో రోజూ రాలేదు. ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి చుట్టాలొచ్చారు అన్నారు. ఎనిమిదో రోజు వచ్చింది. పెళ్ళిచూపులట, అబ్బాయి తరఫు వాళ్ళు ఏ సంగతీ చెప్పలేదట. ఆ అమ్మాయికి పదిహేడేళ్ళు. మేం ఎవరం ఏమీ అడగలేదు, తనే స్నేహితురాలితో చెప్పింది. తర్వాత నేను వాళ్ళ నాన్నగారితో మాట్లాడాను. ఏం మాట్లాడానో, ఆయన ఏమన్నారో ఇక్కడ రాయను. పరీక్షలయ్యేదాకా ఆగుతామన్నారు, అంతవరకు చెప్పగలను. ఆ రోజు రిహార్సల్‌లో వెంకమ్మ మొగుడితో వాదించే ఘట్టం ఆ అమ్మాయి చేస్తుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

ప్రదర్శనలు రెండయ్యాయి. మొదటిది ఊళ్ళోనే, ఒక చిన్న హాల్లో, ఎక్కువగా తల్లిదండ్రులూ మా నాటకాల వాళ్ళూ. రెండోది ఒక పల్లెలో, రామమందిరం ముందు, ట్యూబ్‌లైట్ల వెలుగులో, కరెంటు పోతే ఆపి వస్తే మొదలుపెట్టి. ఊళ్ళో ప్రదర్శన అయ్యాక ఒక పెద్దాయన, నాకు ఎంతో ఇష్టమైన నటుడు, నా చెయ్యి పట్టుకుని, "చూపు అంతా ఆ పిల్ల మీదే ఉంటే మధురవాణి ఏం కావాలయ్యా? ఆ పాత్రకి అన్యాయం చేశావు" అన్నారు. గురజాడ రాయని మనిషిని స్టేజీ మీద పెట్టే హక్కు లేదన్న మాట కూడా అన్నారు గానీ దానికన్నా ఈ మొదటి మాట నన్ను పట్టుకుంది, ఎందుకంటే అది నిజం. మధురవాణి ఒక్క కనుబొమ్మ ఎత్తి రామప్పపంతుల్ని పడగొట్టే చోట మా ప్రేక్షకులు చింతపిక్క ఎటు దొర్లిందా అని చూస్తున్నారు. పిల్లలతో చెప్పాను. వాళ్ళూ ఒప్పుకున్నారు. పల్లె ప్రదర్శనలో మధురవాణి ఇంట్లో జరిగే రంగాలకి సుబ్బి మీద లైటు తీసేశాం, ఆ పిల్ల చేతులు కదపకుండా కూర్చుంది. మా దగ్గర ఉన్నది రెండే లైట్లు కాబట్టి అది అనుకున్నంత కుదరలేదు, కానీ మెరుగయింది. పెద్దాయన మాట వినకపోయి ఉంటే ఆ మెరుగు రాదు. ముట్టుకోవద్దనే వాళ్ళతో నాకు పేచీ ఉందే గానీ వాళ్ళ కళ్ళ మీద నాకు గౌరవం ఉంది, పిల్లలకి కూడా అదే చెప్తాను.

పల్లెలో జనం ఊళ్ళో వాళ్ళకన్నా వేరుగా చూశారు. గిరీశం ఇంగ్లీషుకి పెద్దగా నవ్వలేదు. జముకు మొదలవగానే ముసలివాళ్ళు ముందుకి జరిగారు, వంతతో పాటు వాళ్ళూ "ఆఁ" అనడం మొదలుపెట్టారు, ఒకామె కథకుడికి ఎదురు ప్రశ్న కూడా వేసింది, వాడు తడబడకుండా జవాబు చెప్పాడు. ఆ క్షణంలో వాడి ముఖం చూడాల్సింది. వాడికి నేను పన్నెండు రోజుల్లో నేర్పలేనిది ఆమె ఒక్క ప్రశ్నతో ఇచ్చింది. అగ్నిహోత్రావధాన్లు, తాంబూలాలిచ్చేశాను తన్నుకు చావండి అనే చోట మాత్రం ఎక్కడైనా నవ్వుతారు, అక్కడా నవ్వారు. నవ్వు మధ్యలో ఒక ముసలామె గొంతు గట్టిగా వినిపించింది: "ఆ గుంటనెవులూ ఏటీ అడగరేటి?" గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

కొందరు ఆవిడ్ని ఊరుకోమన్నారు. కొందరు అవును కదా అన్నారు. అవధాన్లు వేషం వేసిన డిగ్రీ కుర్రాడు ఒక్క క్షణం ఆగిపోయాడు, ఆ ఆగటం మేం నేర్పింది కాదు.

ఆ మాట గురించి మా వాళ్ళు ఇంకా కొట్లాడుకుంటున్నారు. దసరా వెళ్ళాక, పైడితల్లమ్మ సిరిమానోత్సవం సందడి తగ్గాక, ఇంకో రెండు ఊళ్ళలో ఆడదామనుకుంటున్నాం, ఒకటి శ్రీకాకుళం వైపు. అప్పటికి ముగింపు తేల్చుకోవాలి. నాటకంలో ఆఖరి మాట గిరీశానిది, కథ అడ్డంగా తిరిగిందని. ఆ మాట అవగానే లైట్లు ఆర్పేయాలని సగం మంది అంటారు. ఆర్పకూడదు, గిరీశం వెళ్ళిపోయాక కూడా సుబ్బి అక్కడే కూర్చుని పిక్కలాడుతూ ఉండాలి, జనం లేచి వెళ్ళిపోయేదాకా ఉండాలి అని ఆ ఇంటర్ అమ్మాయి అంటుంది. జనం వెళ్ళకపోతే అని ఒకడు అడిగాడు. వెళ్ళకపోతే ఇంకా మంచిదే కదా అంది ఆ అమ్మాయి. సుబ్బి వేసే చిన్నది మాత్రం, "నాను లేచి ఎలిపోతాను, ఎంతసేపని కూకుంటాను" అంటోంది. ఈ ఆదివారం మళ్ళీ కలుస్తున్నాం. ముగ్గురి మాటా ఒక్కోసారి చేసి చూడాలి.